ఏఐ ఆడని అబద్ధం

మా అక్క కూతురు వేలూరులో డిగ్రీ చదువుతోంది. చివరి ఏడాది వాళ్లకొక ప్రాజెక్టు పెట్టారు. సొంత ఊరి వృత్తి గురించి పెద్దవాళ్లను అడిగి ఇంగ్లీషులో ఇరవై పేజీలు రాయాలి. అది గట్టెక్కకపోతే పట్టా ఆగిపోతుంది. మా ఊరు గుడియాత్తంలో అంతమంది నేతగాళ్లుండగా, ఆ పిల్ల ఖర్మ, నన్ను అడిగింది.

మగ్గం, గంజి, లుంగీ గళ్లు చెప్పేసరికి నాకే ఆవులింతలు వచ్చాయి. కాస్త ఉప్పూకారం ఉండాలని, వేలూరు కోట అగడ్తలో మొసళ్లున్న కాలంలో వాటి మూతులు కట్టే నూలు పట్టీలు నేసింది మా ముత్తాతే అన్నాను. పట్టీ బిగించే ముందు మొసలికి చక్కిలిగింత పెట్టేవాడని కూడా అన్నాను. ఎదురుగా వినే మనిషి ఉంటే నా నోరు ఊరుకోదు.

ఆమె మా తెలుగూ తమిళమూ కలిసిన మాటల్ని ఏఐకిచ్చి ఇంగ్లీషులోకి మార్పించింది. అందుకు కాలేజీవాళ్లే ఒప్పుకున్నారు. కాకపోతే ఎందుకు వాడారో రాసి సంతకం పెట్టాలి, ప్రతి విషయమూ సరిచూసుకోవాలి, రికార్డింగు దాచుకోవాలి. సంతకం పెట్టింది. మామ మాటే కదా అని సరిచూడలేదు. ఫోను నిండిపోయిందని రికార్డింగు చెరిపేసింది.

ప్రాజెక్టు దిద్దే మేడం మొసళ్ల దగ్గర ఆగారు. ఇది మనిషి చెప్పే మాట కాదు, యంత్రం అల్లింది, అనువాదానికే వాడానని దొంగ సంతకం పెట్టావు అన్నారు.

పిల్ల బస్సు దిగి నేరుగా మా గుమ్మంలోకి వచ్చింది.

"మామా, ఆ మొసళ్లు నిజమేనా?"

"మొసళ్లు ఉండినాయని మా నాయన చెప్పేవాడు."

"మూతికి పట్టీ?"

కాఫీ తాగుతావా అని అడిగాను. ఆమెకు అర్థమైపోయింది.

"రేపు నాతో వేలూరికి వస్తాండావు. ఆ అబద్ధం నీదేనని చెప్పాల."

వెళ్లి చెప్పాను. మేడం నమ్మలేదు. పిల్ల కోసం నేరం నెత్తిన వేసుకుంటున్నానని జాలిగా చూశారు. యాభై ఏళ్లుగా నేను అల్లిన వాటిని ఇంకొకరి ఖాతాలో వేసినవాళ్లు లేరు. ఒళ్లు మండిపోయింది. జోలార్పేట జంక్షన్లో ఎటు పోవాలో తెలియక నిలబడిపోయిన రైలుకు మా నాయన పడుగు దారం కట్టి మా ఊరిదాకా లాక్కొచ్చాడని అక్కడికక్కడే చెప్పాను. మేడం అప్పుడు నమ్మారు. నమ్మి, నా చేతికి పెన్సిలిచ్చి, మిగతా పేజీల్లో అబద్ధాలు ఎక్కడెక్కడున్నాయో కొట్టేయమన్నారు. కొట్టేస్తూ పోతే ఏడు పేజీలు మిగిలాయి. దొంగ సంతకం కాదు సరే, సరిచూడకపోవడం మాత్రం నీ తప్పే అని మిగతా పేజీలు నింపడానికి పిల్లకు వారం గడువిచ్చారు.

ఈసారి పిల్ల ఫోను నా భార్య ముందు పెట్టింది. నన్ను నోరు తెరవద్దంది. వీధి పొడుగునా పరిచిన పడుగుకు గంజి పట్టిస్తూ ఎన్నిసార్లు అటూ ఇటూ నడిచేదో, ఏ ఆకలి వేళ దారం తెగేదో నా భార్య వరసగా చెప్పింది. పాతికేళ్ల కాపురంలో నేనెన్నడూ అడగనివి.

రెండు రోజులకు పిల్ల మళ్లీ వచ్చి, ఏఐ రాసిచ్చిన ఇంగ్లీషును తెలుగులో వాక్యం వాక్యం చదివి వినిపించింది. ఒకచోట, తరతరాల కళను మోస్తున్నానన్న గర్వంతో ఆమె ఉత్సాహంగా నడిచేది అని ఉంది.

"నేనా మాట యాడ అన్నానమ్మా?" అంది నా భార్య. "మోకాళ్లు పీకేవి అన్నా."

నా మొసళ్లను వెంట్రుక కూడా కదపకుండా దాటించిన యంత్రం, ఈమె నొప్పికి జరీ అంచు కుట్టింది. పిల్ల ఆ వాక్యం కొట్టేసి, మోకాళ్ల నొప్పిని తన చేత్తో రాసుకుంది.

ప్రాజెక్టు గట్టెక్కింది. ఆలస్యానికి మాత్రం మార్కులు కోశారు. ఆ కోత నా వల్లేనని మా అక్క ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. ఎంత ప్రయత్నించినా దానికి నాకొక కథ తట్టడం లేదు.