నువైసీబ్ దగ్గర ఖాళీగా వదిలిన గడి

కువైట్‌లోని అల్ రాయ్‌లో మా వర్క్‌షాపు గేటు నుంచి రౌండబౌటు దాకా ముప్పావు కిలోమీటరు. నాలుగేళ్ళపాటు నేను చేసిన మోటారుసైకిలు ప్రయాణమంతా అంతే. ఇంజను విప్పి బిగించాక బండిని ఒకసారి నడిపి చూడాలి. గేటు దాటి, టైర్ల గోడౌను పక్కనుంచి, కార్ల షోరూముల ముందునుంచి పోయి రౌండబౌటు చుట్టి వెనక్కి రావాలి. అవన్నీ ఏడొందల యాభై సీసీ బండ్లు, మా ఊళ్ళో బొమ్మలో కూడా చూడనివి. మూడో గేరు వేసి చెవి ఇంజను మీద పెట్టేలోగా మలుపు వచ్చేది. పై గేర్ల సంగతి చప్పుడును బట్టి ఊహించి, బాగుందని చెప్పి, తాళం చెవి కస్టమరు చేతిలో పెట్టేవాణ్ణి.

పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉండేది. కఫీల్ అంటే మనకు పూచీ ఉండే యజమాని. ఆయన సంతకం లేకుండా దేశం దాటలేం. ఆయన చెడ్డవాడు కాడు, ఆ మాట ముందే చెప్పాలి. యజమానిని రాక్షసుణ్ణి చేసి రాస్తే చదివేవాళ్ళకు సులువుగా ఉంటుంది, నిజం మాత్రం తప్పించుకుంటుంది. ఒకసారి నాకు జ్వరం వస్తే ఆయనే తన కారులో ఆస్పత్రికి తీసుకుపోయి మందులు ఇప్పించి తెచ్చాడు. బీరువా తాళం మాత్రం జేబులో పెట్టుకునే తిరిగేవాడు. అందరు యజమానులూ అలాగే చేస్తారు కనుక అందులో తప్పేమిటో ఆయనకు తోచలేదు. మా ఊళ్ళో కొందరికి వేరే గ్లాసులో టీ పోసిన హోటలాయన కూడా మంచివాడే.

నేను కడప జిల్లాలో హేతువాదుల వెంట తిరిగినవాణ్ణి. బాబాలు గాల్లోంచి తీసే విభూతిని గంజితో ఉండ కట్టి ఎలా ఎండబెడతారో సంతలో చేసి చూపించాను. పునర్జన్మ ఉందా లేదా అని టౌన్‌హాల్లో ఒక స్వామితో రెండు సాయంత్రాలు వాదించాను. పేరు చివరి కులం తోక కోసేశాను. నా కూతుర్ని బడిలో వేసినప్పుడు మతం అన్న గడిని ఖాళీగా వదలాలని హెడ్మాస్టరుతో మూడు రోజులు కొట్లాడి వదిలించాను. అటువంటివాణ్ణి, బొంబాయిలో ఏజెంటు కువైట్ ఫారాలు నింపుతుంటే పక్కన నిలబడి పెన్సిలుతో టిక్కు పెట్టిన చోటల్లా సంతకాలు చేశాను. సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు. చదివి చూడలేదు. ఆయనకు తొందర, నాకు అంతకన్నా తొందర.

అబ్బాసియాలో మా గదిలో ఏడుగురం ఉండేవాళ్ళం. అందులో ఒకడు రాయచోటి ముస్లిం, మా వర్క్‌షాపులోనే పికప్ డ్రైవరు. నాకన్నా ఆరేడేళ్ళు చిన్న. నన్ను అన్నా అనేవాడు, నేను భాయ్ అనేవాణ్ణి. అయిదు పూటలా నమాజు చేసేవాడు. నేను అయిదు పూటలా అతనితో వాదం పెట్టుకునేవాణ్ణి. పప్పులో తాలింపు వేస్తూ మొదలైన వాదం గిన్నెలు కడిగేదాకా నడిచేది. ఒక్కసారి కూడా అతను కోపం తెచ్చుకోలేదు. తక్కిన అయిదుగురూ మా ఇద్దరినీ రేడియో అనేవాళ్ళు. కట్టేయమంటే ఇద్దరం కలిసి వాళ్ళమీద పడేవాళ్ళం.

నాలుగో చలికాలంలో కఫీల్ తమ్ముడు వర్క్‌షాపుకి ఒక మ్యాపు పట్టుకుని వచ్చాడు. పాతికేళ్ళవాడు, మోటారుసైకిళ్ళంటే ప్రాణం. తనూ, అయిదుగురు స్నేహితులూ కలిసి తీరం వెంబడి దక్షిణానికి పోతారట. సౌదీ మీదుగా కతార్, అబూదాబీ, చివరికి మస్కట్, పదహారు రోజులు. పెట్రోలు డబ్బాలు, నీళ్ళు, టైర్లు మోయడానికి మా భాయ్ పికప్ వెనక వస్తుంది. దారిలో బండి ఆగితే అక్కడికక్కడ చూడటానికి మెకానిక్ కావాలి. నేనూ పికప్‌లోనే అనుకున్నాను.

"పికప్‌లో కాదు ఉస్తా," అన్నాడు తమ్ముడు, మేస్త్రీని పిలిచే మాటతో, తనకొచ్చిన హిందీలో. "ఏడో బండి నీది."

ఆ రోజు నేను ఒక నట్టును మూడుసార్లు తప్పుగా బిగించాను.

నెలరోజులు ఏడు బండ్లనూ ఎడారికి సిద్ధం చేశాను. చెయినుకు గ్రీజు పూయకూడదు, పూస్తే ఇసుక పట్టి సానరాయిలా అరగదీస్తుంది. ఎయిర్ ఫిల్టరులోకి సన్న ఇసుక పోకుండా ఆడవాళ్ళ నైలాన్ మేజోడు సాగదీసి తొడిగితే అంతకు మించిన జల్లెడ లేదు. మేజోళ్ళు కొనడానికి ఒక శుక్రవారం భాయ్‌నీ నన్నూ బజారుకు పంపారు. ఏ సైజు అని షాపువాడు అడిగితే భాయ్ నన్ను చూపించి, "ఈయన కొలతకే ఇయ్యి, ఈయనే తొడుగుతాడు," అన్నాడు. ఆ మాట నాకన్నా ముందే గదికి చేరింది. వారం రోజులు నేను ఏ ప్యాంటు వేసుకున్నా కింద ఏముందని అడిగారు.

బయల్దేరే రోజు తెల్లవారుతుండగా కఫీల్ బీరువా తెరిచాడు. నా పాస్‌పోర్టు తీసి తమ్ముడి చేతికిచ్చాడు. తమ్ముడు దాన్ని నా చేతికిచ్చాడు. నాలుగేళ్ళ తర్వాత నా ముఖం చూసుకున్నాను, అందులో నేను లావుగా ఉన్నాను. చొక్కా జేబులో పెట్టి గుండీ వేసి, పైన జాకెట్ జిప్పు గొంతుదాకా లాగాను.

సబా అల్ సలేం ఇళ్ళ మధ్య నుంచి వరసలో పోతుంటే, ఒక గేటు ముందు ఒకామె పైపుతో కారు కడుగుతోంది. లోపలినుంచి ఎవరో పిలిచారు. "వస్తాండా మామా," అంది, మా కడప యాసలో, పిలిచిన ఇంటి యజమానురాలికి అర్థం కాదని తెలిసీ. యజమానురాలిని అక్కడ మామా అనే పిలవాలి. మా బండ్లు అన్నీ పోయేదాకా తలెత్తి చూసింది. ఆమెకు రౌండబౌటు కూడా లేదు, గేటే. ఒక్క నిమిషం అనుకున్నాను, ఇళ్ళు అయిపోయాయి, మరిచిపోయాను.

నాలుగో గేరు పడింది. తర్వాత అయిదోది. నాలుగేళ్ళుగా ఊహించి చెప్పిన చప్పుడు అది కాదు. ఎక్కడో లోతుగా, నిదానంగా ఉంది. ఎడమవైపు దూరంగా సముద్రం సన్నటి గీతలా ఉండి ఉండి కనిపించేది. రోడ్డు మీద ఇసుక పొగలా అడ్డంగా పాకేది. స్నేహితుల్లో ఒకడు సరదాకి రోడ్డు దిగి మెత్తటి ఇసుకలో కూలబడ్డాడు. బండి లేపి టైర్లలో గాలి తగ్గించి ఎక్కించాను. వాడు నా భుజం మీద చరిచి "యల్లా" అన్నాడు, పోదాం పదమని. అంతసేపూ నేను ఎవరికీ పనివాణ్ణి కాదు. ఏడుగురిలో ఒకణ్ణి.

సరిహద్దు మీది నువైసీబ్‌లో కువైట్ వైపు ముద్ర వేసి పంపించారు. కొంత దూరం పోతే అవతలి సౌదీ చెక్‌పోస్టు. వీసాలు తమ్ముడి గుమాస్తా ముందే తెచ్చాడు, వాటికి ఏం రాసిచ్చాడో నేను అడగలేదు. ఇక్కడ ఇంకో ఫారం నింపాలి. పేరు, తండ్రి పేరు, వృత్తి. ఆ కింద మతం. ఆ గడి వదిలేసి సంతకం చేశాను.

అధికారి నెరిసిన గడ్డం పెద్దమనిషి. ఫారం తిప్పి ఇచ్చి, వేలితో గడి చూపించాడు. లేదన్నాను. లేదంటే రాయలేదా, తెలియదా అని అడిగాడు. మతం లేదన్నాను. తమ్ముడు అరబ్బీలోకి మార్చి చెప్పాడు, నేనన్నదానికంటే చాలా పొడుగ్గా. నాకు ఎండ దెబ్బ తగిలిందని చెప్పాడేమో. పెద్దమనిషి కోప్పడలేదు. టీ తెప్పించాడు. ఖాళీ గడి ఉన్న ఫారం మీద ముద్ర వేసే అధికారం తనకు లేదని, ఏదో ఒకటి రాస్తే తనేమీ అనడని చెప్పి, పక్కన కూర్చోమన్నాడు.

ఒక గంట గడిచింది. స్నేహితులు ఒకరొకరే వచ్చి బతిమాలారు. తమ్ముడు పెన్ను తీసి తనే రాయబోతే ఫారం లాక్కున్నాను. అప్పుడు భాయ్ వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

"అన్నా, దేవుడు ల్యాడంటావు కదా?"

"లేడు."

"ల్యానోని పేరు కాగితం మింద రాస్తే నీకేం పోతాది? ఉన్నాడనుకునే నాకైతే బయం. నీకెందుకు బయం?"

టౌన్‌హాల్లో స్వామి ఇంత పదునైన ప్రశ్న వేయలేదు. లేనిదాన్ని ఉందని రాయడం అబద్ధమని చెప్పాను. నేను ఒక్కసారి రాస్తే, నా కూతురి బడి ఫారం అబద్ధమైపోతుందని చెప్పాను.

"నమ్మకం ల్యాదంటావు గానీ," అన్నాడు భాయ్, "నా నమ్మకం కంటే నీదే మొండిది." పర్సు ఉన్న నా ప్యాంటు జేబు వైపు చూశాడు. ఇంకేదో అనబోయి లేచిపోయాడు.

మధ్యాహ్నం దాటింది. తమ్ముడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మొహంలో కోపం లేదు, నాకేదో రోగం వచ్చినట్టు చూశాడు. "ఖలాస్ ఉస్తా," అన్నాడు. నా బండిని పికప్ ఎక్కించి తాళ్ళతో కట్టారు, దారిలో స్పేరు బండిగా పనికొస్తుందని. ఆరు బండ్లూ పికప్పూ వెళ్ళిపోయాయి. నాలుగో గేరు పడటం ఇక్కడిదాకా వినిపించింది.

నేను అక్కడ గర్వంగానే నిలబడ్డాను. ఆ మాట దాచను.

ఉల్లిగడ్డల లారీ ఒకటి కువైట్ పోతుంటే పెద్దమనిషే ఆపి, నన్ను ఎక్కించి పంపాడు. నువైసీబ్‌లో తిరిగి లోపలికి రావడానికి కార్డు ఇచ్చారు. అందులోనూ అదే గడి. వదిలేశాను. కిటికీ వెనక కుర్రవాడు కార్డు నా వైపు తోశాడు. నా ఇఖామా, అంటే కువైట్‌లో ఉండటానికి ఇచ్చిన అనుమతి కాగితం, అడిగాడు. నాలుగు మడతలు పెట్టి పర్సులో నాలుగేళ్ళుగా మోస్తున్న కాగితం అది, అంతా అరబ్బీ. విప్పి ఒక వరుస మీద గోరు పెట్టాడు. ఇక్కడ హిందూ అని రాసి ఉంది, ఇక్కడున్నదే అక్కడ రాయాలి, రెండూ కలవకపోతే లోపలికి వదలడం కుదరదు అని ముక్కల హిందీలో చెప్పాడు.

నా వెనక ముద్ర వేయకుండా తిప్పి పంపిన దేశం. ముందు ఈ కిటికీ. రెండింటి మధ్యా నేల ఎవరిదీ కాదు. లారీవాడు హారను కొట్టాడు. పొద్దున మూడు గంటలు వాదించినవాణ్ణి, పెన్ను అడిగాను. ఉద్యోగం, గది, నెలనెలా ఇంటికి పోయే డ్రాఫ్టు, అన్నీ ఆ కిటికీకి అవతల ఉన్నాయి. ప్లగ్గు బిగించేపాటి సమయం కూడా తీసుకోకుండా రాశాను. అక్షరాలు గుండ్రంగా, బాగా వచ్చాయి.

బయటికి పోవడానికి రాయని మాటను లోపలికి రావడానికి రాసిచ్చాను. మరునాడు కఫీల్ నా పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టాడు, ఏం జరిగిందని అడగలేదు.

గదిలో మాత్రం అడిగారు. మొదటి చెక్‌పోస్టు సంగతి చెప్పాను. రెండోది చెప్పలేదు. ఆ రాత్రి నాకు గుడ్డు ఎక్కువ వేశారు. పక్క గదుల నుంచి కూడా వచ్చి మళ్ళీ చెప్పించుకున్నారు. ప్రతిసారీ టీ తెప్పించిన చోటుకు వచ్చి ఆపేవాణ్ణి. విభూతి గంజి ఉండను చేతిలో దాచి జనం చప్పట్లు కొట్టించుకునే బాబాకూ నాకూ తేడా ఏమిటో నేనే చెప్పలేని పదహారు రోజులవి. పగలంతా గేటు నుంచి రౌండబౌటుకీ, రౌండబౌటు నుంచి గేటుకీ.

భాయ్ నల్లగా మాడిపోయి వచ్చాడు. మస్కట్ గురించి గదికంతా చెప్పి, వాళ్ళు పడుకున్నాక వంట గట్టు దగ్గర రేపటి కందిపప్పులో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాడు. ఇఖామా కాగితం తీసి పళ్ళెం పక్కన పెట్టాను. ఇందులో ఏముందో నీకు తెలుసా అని అడిగాను.

"తెల్సు. మొదుటేడు రెన్యూవల్‌కి టైపింగ్ షాపుకి తీస్కపోయింది నేనే కదన్నా."

"నాలుగేళ్ళు నాతో వాదించినావే. ఒక్కసారన్నా ఈ కాగితం బయటికి తీయలేదే?"

తల ఎత్తలేదు. "తీసింటే నేను గెల్సుంటి," అన్నాడు. "నువ్వు ఆ కాగితం సించి పారేసి ఊరికి పోతాంటివి. నువ్వు పోతే ఈడ నాతో గొడవ పడేదెవురు?"

నువైసీబ్‌లో తిరిగొచ్చేటప్పుడు నేనేం రాశానో అప్పుడు అతనికి చెప్పాను. పప్పు ఏరడం ఆపలేదు. "రాయకపోతే యాడుంటావన్నా, ఆ ఇసకలోనా," అన్నాడు. అంతే. ఆ తర్వాత కూడా మా వాదాలు నడిచాయి గానీ, నా గొంతు మునుపటిలా లేచేది కాదు. అతను కావాలని రెచ్చగొట్టేవాడు.

తర్వాత చాలా ఏళ్ళు సభల్లో నువైసీబ్ కథ చెప్పాను, మొదటి చెక్‌పోస్టు దాకానే. రెండోది రాయడం ఇదే మొదలు.

ఏడు బండ్లూ మళ్ళీ వర్క్‌షాపుకి వచ్చాయి. ఆరింటి ఫిల్టర్లు విప్పితే మేజోళ్ళు ఇసుక పట్టి రొట్టెల్లా గట్టిపడ్డాయి. ఏడోది చివర్లో విప్పాను. దాని అవసరం ఎవరికీ పడలేదు. తాళ్ళతో కట్టినది కట్టినట్టే మస్కట్ పోయి మస్కట్ నుంచి వచ్చింది. మీటరులో నువైసీబ్ దాకా నేను నడిపిన కిలోమీటర్లే ఉన్నాయి. మేజోడు మీద పల్చగా ధూళి, ఊదితే పోయింది. ప్లగ్గు తుడిచి, ఫిల్టరు బిగించి, నడిపి చూడటానికి గేటు బయటికి తీశాను.

మూడో గేరులో ఉండగానే రౌండబౌటు వచ్చింది.