నా అడ్డపొగ, దాని మామిడి ఆవిరి

చింతపల్లి ఘాట్ రోడ్డు పక్కన నాదీ నా తోడికోడలిదీ కాఫీ పాకలు ఆనుకునే ఉంటాయి. ఇద్దరం అడ్డపొగ తాగేవాళ్లం. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకోవడం మాకు అమ్మలు నేర్పిన పద్ధతి. గాలికి నిప్పు ఆరదు, చేతుల్లో పనీ ఆగదు.

ఓ చలికాలం పొద్దున టూరిస్టు పిల్ల ఒకతి మమ్మల్ని చూసి, "అయ్యో, నోరు కాలదా?" అంటూ తన ఎలక్ట్రిక్ సిగరెట్ తీసి తోడికోడలి చేతిలో పెట్టింది. అది పొగ కాదట, ఉత్త ఆవిరట, ఏమీ చెయ్యదట. నా నోట్లోనూ చుట్ట ఉంది. నా వైపు చూడనైనా చూడలేదు.

తోడికోడలు అలవాటు కొద్దీ లైటు వెలిగే కొసను నోట్లో పెట్టుకుంది. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. మర్నాటికల్లా సరిగ్గా పీల్చడం నేర్చేసింది.

"మామిడిపండు వాసనేస్తంది సూడప్పా! పండు వాసనేసేది సెడ్డదవుద్దేటి?"

మా ఆయన కూడా నా చుట్ట కంపుకి ముక్కు మూసుకుని, "మరదల్ని సూసి నేర్సుకో" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా పాకలో కాఫీ తాగే మాస్టారొకరు అది సర్కారు నిషేధించిన సరుకని చెప్పారు. ఆ వారం ఇద్దరం సంతకెళ్తుంటే పోలీసులు గంజాయి సోదాకని మా జీపు ఆపారు. నేను మెల్లగా ఆ ఆవిరి గొట్టం సంగతి కానిస్టేబుల్ చెవిన వేశాను. అతను తోడికోడలి సంచి వెతికి, తిట్టి, గొట్టం లాక్కున్నాడు. తోడికోడలు వెక్కి వెక్కి ఏడ్చింది. నా కడుపు చల్లబడింది.

నిషేధించారంటే అది విషమే. నా చుట్టలు సంతలో బాహాటంగా అమ్ముతారు, అంటే వీటికేం? అలా అనుకుని ఇంకో రెండు ఎక్కువే తాగాను. తోడికోడలేమో పోలీసులకు హడలిపోయి, చుట్ట కూడా పట్టుకుంటారేమోనని దాన్నీ మానేసింది.

కొన్నాళ్లకు ఊళ్లోకి పళ్ల డాక్టరమ్మ వచ్చింది. ఆ గొట్టంలోనూ నికోటిన్ ఉంటుందనీ, మానేసి మంచిపని చేశావనీ తోడికోడలితో చెప్పింది. నా అంగిట్లో టార్చి వేసి చాలాసేపు చూసింది. తెల్లమచ్చ ఉందనీ, ముక్క తీసి పరీక్ష చెయ్యాలనీ, క్యాన్సరేమోననీ చీటీ రాసిచ్చింది.

బయట తోడికోడలు నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పోలీసుకి సెప్పినోళ్లెవరో గానీ, ఆళ్ల పున్నేన బతికానప్పా."

నా చుట్ట సంగతి ఏ పోలీసుకీ ఎవరూ చెప్పలేదే అని, చీటీ మడుస్తూ మళ్లీ దాని మీదే కుళ్లుకున్నాను.