నాలుగు కార్డుల మందం

ఇంకొకడి బస్సు కొండ కనుమ ఆగకుండా ఎక్కుతోందని అన్నం సయించని రోజులు నా బతుకులో ఉన్నాయి.

యుద్ధకాలం అది. పెట్రోలుకు కరువొచ్చి బస్సులు బొగ్గు గ్యాసు మీద నడిచేవి. బండి వెనక నిలువెత్తు పొయ్యి ఉండేది. స్టార్టు చేయడానికి మాత్రం కాస్త పెట్రోలు, తర్వాత అంతా గ్యాసే. నేను మార్కాపురం నుంచి కంభం, గిద్దలూరు మీదుగా నంద్యాలకు బస్సు నడిపేవాణ్ణి. రిపేర్లూ నావే. గ్యాసుకు బలం తక్కువ గనక గిద్దలూరు దాటి కనుమ మొదలయ్యే చోట జనమంతా దిగాలి, మగవాళ్ళు తోయాలి. అందరి బస్సులదీ అదే గతి కాబట్టి నాకేమీ నామోషీ అనిపించలేదు.

ఒకరోజు మావాళ్ళు దిగి తోస్తుండగా పక్కనుంచి వాడి బస్సు పోయింది. పానా పట్టడం నా దగ్గరే నేర్చుకుని, ఇంకో సావుకారు దగ్గర డ్రైవరుగా చేరినవాడు. వాడి బస్సులో ఒక్కరూ దిగలేదు. కిటికీలోంచి పిల్లలు మాకు చేతులూపారు. మా బస్సు దిగిన ముసలామె ఒకతె కొంగుతో మొహం తుడుచుకుంటూ, “ఏందయ్యా, నీది కూడా అట్ల పోదా?” అంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

వాడు చేసిందేమిటో చూడగానే తెలిసింది. ఇంజను మీద మూతలా బిగించే హెడ్డు అడుగు అరగదీశాడు. అలా చేస్తే పిస్టను పైకొచ్చినప్పుడు గ్యాసుకు మిగిలే చోటు తగ్గుతుంది. ఇరుకులో పడ్డ గ్యాసు గట్టిగా మండి పిస్టనును తంతుంది. కంప్రెషను పెంచడమంటే అదే. పనేమిటో తెలుసు, ఎంత తీయాలో తెలియదు. నా శిష్యుణ్ణి నేను అడగాలా! మూడు వారాలు ఉగ్గబట్టుకున్నాను. ఈలోపు నా ప్రయాణికులు సగం మంది వాడి బస్సెక్కారు. మా సావుకారు ఇంకో డ్రైవరును వెతుకుతున్నాడని కూడా విన్నాను. ఇక సిగ్గు చంపుకుని అడిగాను.

వాడు దాచలేదు. “నాలుగు పోస్టుకార్డులు దొంతి పెట్టన్నా, ఆ మందం తీసినా. అంతకు మించి తీయబాక. గ్యాసు తట్టుకుంటాది గానీ, పెట్రోలు మీద లాగినావంటే ఇంజను కొట్టుకుంటాది” అన్నాడు.

నేను నమ్మలేదు. ఇంత గుట్టు ఎవడైనా నిజం చెబుతాడా? వాడి చోట నేనుంటే సగమే చెప్పేవాణ్ణి. కాబట్టి వాడు తీసింది ఎనిమిది కార్డుల మందమని లెక్క కట్టాను.

మా ఊళ్ళో అందుకు మిషన్లు లేవు గానీ పలకల కార్ఖానాలున్నాయి. అద్దంలా నునుపు చేసిన పలకరాయి బండ ఒకటి తెచ్చుకున్నాను. దానికి దీపం మసి, ఆముదం కలిపి పూసి, హెడ్డును దానిమీద రుద్ది, మసి అంటుకున్న మిట్టలను ఆకురాయితో అరగదీయడం, మళ్ళీ రుద్దడం. తొమ్మిది రోజులు పట్టింది. పళ్ళు తోముకునేటప్పుడు కూడా ఉమ్ములో నలుపే.

మొదటి ట్రిప్పుకే బండి కనుమలో ఉరికింది. ఎవరూ దిగలేదు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. రెండో మలుపు తిరిగేసరికి ముందు వాడి బస్సు కనిపించింది. దాన్ని దాటి పోవాలని, జనం చూస్తుండగా దాటాలని ప్రాణం లాగేసింది. పెట్రోలు కుళాయి తిప్పాను.

లోపల ఎవరో సుత్తితో బాదుతున్నట్టు మోత. అయినా ఆపలేదు. వాడి బస్సు వెనక అద్దం దగ్గరికొచ్చేసరికి నా ఇంజను ఢామ్మని పొగ కక్కి నిలబడిపోయింది. పిస్టనుకు బొక్క పడింది.

వాడు బండి ఆపి పరిగెత్తుకొచ్చాడు. నా జనాన్ని తన బస్సులో సర్దాడు. తర్వాత మెల్లగా, “ఎంత తీసినావన్నా?” అని అడిగాడు.

“నువ్వు చెప్పిన నాలుగే” అన్నాను.

వాడి మొహంలో నెత్తురు లేదు. మర్నాడు మా సావుకారు నన్ను పని మానుకోమనేలోపు వాడే వచ్చాడు. “అన్న తప్పు లేదు సావుకారూ. కొలత చెప్పింది నేను. నాదే తప్పయి ఉంటాది” అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నా పని నిలిచింది.

మా బండికి పాత హెడ్డు బిగించారు. మళ్ళీ కనుమ మొదట్లో ఆపి జనాన్ని దించాను. చూస్తే ముందు వాడి బస్సూ ఆగి ఉంది. ఆడా మగా అందరూ దిగి నిలబడ్డారు. హెడ్డు కింద ఇంకో రాగి రేకు వేసి, పెంచిన కంప్రెషను మళ్ళీ తగ్గించేశాడట. “నాలుగు కార్డులకే నీ ఇంజను పోయిందంటే, నాది ఎప్పుడు పోతాదో! మంది ప్రాణాలతో ఎందుకన్నా? ఇట్లనే మేలు” అన్నాడు.

ఎనిమిది అని ఒక్క మాట చెబితే చాలు. నోటిదాకా వచ్చింది కూడా.

“అన్నా, రోంత చెయ్యి వెయ్యి” అంటూ వాడు స్టీరింగు దగ్గరికి పోయాడు. నేను వెనక్కి వెళ్ళి, వేడి పొయ్యి పక్కన భుజం ఆనించి తోశాను. అంత హాయిగా జన్మలో ఏ బండినీ తోయలేదు.