పేరులో మొదటి ముక్క

కంప్యూటర్ స్క్రిప్టు రాసేటప్పుడు కొటేషన్ గుర్తులు రెండూ ముందే పెట్టుకుని, ఆ తర్వాతే వాటి మధ్య పేరు రాస్తాను. ఈ అలవాటు పటాన్‌చెరు బస్సులో అంటింది.

ఆ రోజు ఫోన్లో మేనేజరు మీద అరుస్తున్నాను. మా ఫ్యాక్టరీలో హాజరు వేసే స్క్రిప్టు నేను రాసిందే; అందులో తప్పులొస్తున్నాయని ఆయన ఫిర్యాదు. "పేర్లలో ఖాళీలెందుకు సార్? షేక్ అని ఒక్క మాట రాస్తే చాలదా?"

పక్క సీటాయన నా మెడలోని కంపెనీ కార్డు చూశాడు.

"మా షిఫ్టుల ముగ్గురు షేక్‌లం. మీ మిషన్ల ముగ్గురికీ ఒక్కటే హాజరు పడ్డది. డ్యూటీ చేసి గూడ ఆబ్సెంటైన. పన్లకెల్లి తీసేసిన్రు. మా అబ్బా పెట్టిన పేరు నరకనీకి నువ్వెవనివి?"

నాకూ ఒళ్లు మండింది. తప్పు నాది కాదని చూపిద్దామని ల్యాప్‌టాప్ తెరిచాను. స్క్రిప్టుకు పేరు అందించే చోట కొటేషన్ గుర్తులు లేవు. అవి లేకపోతే పేరు ఖాళీ దగ్గర తెగిపోతుంది, మొదటి ముక్కే మనిషైపోతుంది. వాటిని మరిచింది నేనే.

కంది స్టాపు వచ్చింది. ఆయన లేచాడు. మేనేజరుతో మాట్లాడతానని చెప్పి, పేరు అడిగాను.

"ఏ ముక్క చెప్పాలె?" అని దిగిపోయాడు.