గోడ పక్కన గంగపాయలాకు

నిన్న ఈ ఎడారి దేశంలో, సబ్హాన్‌లోని మా గోడౌన్ వెనక, ఏసీ నీళ్లు కారేచోట గంగపాయలాకు కనిపించింది. తుంచి వాసన చూడగానే, చిన్నప్పుడు జహ్రా ఊళ్లో మా పై అంతస్తులో ఉండిన గ్రీకు ముసలామె గుర్తొచ్చింది.

ఆమె రోజూ గోడ పక్కన వంగి ఆకు పీకి సంచిలో వేసుకునేది. ఎనిమిదేళ్ల నాకు అనుమానం, ఎవరికో మందు పెట్టడానికేనని. ఒకరోజు ఆ ఆకునే ఉడికించి, ఆలివ్ నూనె, నిమ్మరసం కలిపి గిన్నెతో మాకు తెచ్చిచ్చింది. నేను ముట్టలేదు. ముసలామె ముందే అమ్మ తింటుంటే, అమ్మ గొంతు వైపే చూస్తూ కూర్చున్నాను.

"మన గంగపాయలాకే గదే ఇది" అంది అమ్మ.

మర్నాడు ఆ ఆకుతోనే పప్పు చేసింది. "ఉత్త గిన్నె పంపగూడదు. పైకి పొయ్యి ఇచ్చిరాపో" అంది.

ముసలామె మూత తీసి వాసన చూసింది. ఎండుమిరపకాయను పక్కకు నెట్టింది. చెంచా నా చేతికే ఇచ్చి ముందు నన్ను తినమని సైగ చేసింది. నేను మింగేదాకా నా గొంతు వైపే చూస్తూ నిలబడింది.

ముందురోజు అమ్మను నేను చూసిన చూపు ఆమె గమనించే ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు మాత్రం, మా పప్పులో మందు లేదని చెప్పే భాష రాక, ఇంకో చెంచా తిన్నాను.