మేనత్త ముట్టించిన ఊదుబత్తి

ఊదుబత్తి వాసనకు ఎవరికైనా దేవుడు గుర్తొస్తాడేమో, నాకు మాత్రం మా మేనత్త గుర్తొచ్చి కడుపు మండుతుంది. ఆమె చచ్చి ఇన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు, చల్లారాలని నాకూ లేదు.

అమ్మ పోయాక లాల్‌దర్వాజాలో ఆమె ఇంట్లోనే పెరిగాను. ఆషాఢం వచ్చిందంటే గల్లీ అంతా వేపాకు వాసన, వానకు తడిసిన గోడల మీద కొత్త సున్నం, దూరంగా డప్పులు, కుండలకు పసుపు రాస్తూ ఆడవాళ్ల నవ్వులు, బోనాల నాడు ప్రతి పొయ్యి మీదా ఎల్లిపాయ దంచి వేసిన యాట కూర. బయట అరుగు మీద పిల్లలు అష్టాచెమ్మా ఆడుతుంటే నేను లోపల తడి గోనెసంచి ముందర కూర్చుని కనకాంబరాలు కట్టేదాన్ని. గుడికీ ఇళ్లకూ దండలు ఇచ్చే మేనత్త గడియారాన్ని నమ్మేది కాదు. తెల్లారగానే దేవుడి గూట్లో ఊదుబత్తి ముట్టించి, అది కాలిపోయేలోగా ఐదు మూరలు కట్టమనేది. కడితే బడి, లేకుంటే ఇంకో బత్తి.

మూడో తరగతి పరీక్ష రోజు ఇంకా రెండు మూరలు ఉండగానే బత్తి అడుగుకొచ్చింది. పరీక్షకు రాకుంటే పేరు కొట్టేస్తానని పంతులమ్మ ముందే చెప్పింది. జర మెల్లగా కాలుతుందని తడి వేలితో నిప్పు కింద అద్దాను. చుయ్‌మని ఆరిపోయింది.

“ఏందే గిది? దేవుని బత్తి నడిమిట్ల ఆర్పుతవా?”

“ఆర్పలే అత్తా, నిమ్మళంగ కాలాలని తడి పెట్టిన. పరీక్షుంది, పోనియ్యి.”

“మస్తు తెలివి నేర్సినవ్! గింత తెలివున్నదానికి బడెందుకే?”

నడుమ ఆరిన బత్తి ముందు కట్టిన పూలు అమ్మవారికి పనికిరావని మూడు మూరలూ విప్పించి, కొత్త బత్తి ముట్టించింది. ఒక్కో ముడి ఊడదీస్తుంటే బడిగంట వినబడింది. మళ్లీ ఐదు మూరలూ కట్టి పరుగెత్తేసరికి పిల్లలు బయటికి వస్తున్నారు. నా పేరు కొట్టేశారు. నా చదువు అంతటితో సరి.

మా ఆయన పోయాక పూలు పెట్టుకోవడం మానేశాను గానీ కట్టడం మానలేదు. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో సేటు పెళ్లిదండకు ఇన్ని నిమిషాలని ఫోన్లో అలారం పెడతాడు. మొన్న అది మోగగానే, “టైమైపోయిందమ్మా” అన్నాడు.

“అయితే గానియ్ భాయ్, మిగిలింది నీ ఫోన్‌తోనే కట్టించుకో” అన్నాను.

అరుగులు పోయాయి, ఆటలు పోయాయి. మేనత్త ఇల్లు పడగొట్టారు, మంచి పని చేశారు. బడినీ పడగొట్టి అక్కడ నాలుగంతస్తుల బిల్డింగు లేపారు. దాని మీద ఇంత పెద్ద బోర్డు ఉంది. అదేం ఆఫీసో దారిన పోయే ఆయన్ను అడిగి తెలుసుకున్నాను.