తలుపులు తట్టే రెజీనా

రెజీనా కోవాలిక్‌ని మా ఊళ్ళో మెచ్చుకునేవాళ్ళు సగం, తిట్టుకునేవాళ్ళు సగం. నాలుగేళ్ళకోసారి అధ్యక్ష ఎన్నికలు వచ్చినప్పుడు ఆ రెండో సగం కొంచెం పెరుగుతుంది. ఇరవై రెండేళ్ళుగా నా కాఫీ హోటల్లో కిటికీ పక్క పెద్ద బల్ల దగ్గర ఆమెకు పొద్దున్నే కాఫీ పోస్తున్నదాన్ని కాబట్టి, ఆమె గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనుకుంటాను. కాఫీలో పాలు పోసుకోదు. ఎదుటివాళ్ళ మాట పూర్తి కానివ్వదు. అబద్ధం మాత్రం ఆడదు. ఈ మూడోది నాక్కూడా ఈ మధ్యే గట్టిగా తెలిసింది.

పద్దెనిమిదో ఏట చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే పనిలో చేరింది. మా పెన్సిల్వేనియా కొండల్లో బొగ్గు గనులు ఒక్కొక్కటే మూతపడి మగవాళ్ళు ఇంట్లో కూర్చుంటే, ఇళ్ళు నడిపింది ఆ ఫ్యాక్టరీ ఆడవాళ్ళే. యూనియన్‌లో రెజీనాది పెద్ద గొంతు. అక్కడ కుట్టు మిషన్లు బాగుచేసే మెకానిక్కు లియో దుషాంకో. ఒక చలికాలం సమ్మెలో ఇద్దరూ ఫ్యాక్టరీ గేటు ముందు పదకొండు వారాలు పక్కపక్కన నిలబడ్డారు. అప్పట్లో ఇద్దరూ డెమోక్రాట్లే. ఆ మాటకొస్తే ఊరంతా డెమోక్రాట్లే. బాప్టిజం ఇచ్చేటప్పుడే ఫాదరుగారు ఆ సంగతి కూడా పుస్తకంలో రాసేస్తారేమో అనుకునేదాన్ని చిన్నప్పుడు.

తర్వాత ఫ్యాక్టరీ మూశారు. కుట్టుపని సముద్రాలు దాటి పోయింది. మన పార్టీ ఏం చేసిందని రెజీనా మీటింగులో లేచి అడిగితే కూర్చోమన్నారు. మర్నాడు కోర్టు భవనానికి వెళ్ళి, ఓటర్ల జాబితాలో పార్టీ మార్చుకునే కాగితం మీద సంతకం పెట్టి రిపబ్లికన్ అయిపోయింది. "ఫ్యాక్టరీ మూసిన షావుకార్ల పార్టీలోకే పోయావా?" అని లియో నడివీధిలో నిలదీశాడట. "మూస్తుంటే చూస్తూ కూర్చున్న పార్టీలో ఉండలేక పోయాను" అందట. అప్పట్నుంచి వాళ్ళిద్దరి పోట్లాట నా హోటల్లో టిఫినుతో పాటు రోజూ వడ్డించేదే. నాకేం నష్టం లేదు. పోట్లాడేవాళ్ళు ఇంకో కప్పు కాఫీ తాగుతారు.

కొన్నాళ్ళకు రెజీనా మా వార్డుకు ఆ పార్టీ ఇన్‌ఛార్జి అయింది. జీతం లేని పని. రెండు వందల పైచిలుకు ఇళ్ళ తలుపులు తట్టాలి. ఏ ఇంట్లో ఎవరికి మోకాళ్ళ నొప్పులో, ఏ కుక్క కరుస్తుందో, ఎవరి కూతురు మొగుణ్ణి వదిలేసి వచ్చిందో అన్నీ ఆమెకు తెలుసు. మా చెల్లెలి మొగుడు ఉద్యోగం పోగొట్టుకున్న సంగతి మా చెల్లెలి కంటే ముందు ఆమెకే తెలిసింది.

ఈసారి ఎన్నికల్లో మాత్రం పోట్లాట రుచి మారింది. ఇదివరకు లియో తిట్టి, నవ్వి, ఆమె పళ్ళెంలోని బంగాళదుంప అట్టు ముక్క తుంచుకుని పోయేవాడు. ఈసారి నవ్వులు పోయాయి. ఒకే ఇంటి అన్నదమ్ములు కూడా రెండు బల్లల దగ్గర విడివిడిగా కూర్చోవడం మొదలుపెట్టారు. లియో వాకిట్లో పాతిన ప్రచారం బోర్డులు మూడుసార్లు ఎవరో పీకేశారు. వంటింట్లో ఉన్నా నాకు ఆ బల్ల వైపు ఒక చెవి వేసి ఉంచాల్సి వచ్చేది.

అక్టోబరులో ఒక శుక్రవారం, పోస్టల్ బ్యాలెట్లు ఇళ్ళకు వచ్చిన వారం. మా రాష్ట్రంలో ఆ ఓటు కవరు మీద సంతకం పెట్టి, పక్కన ఆ రోజు తేదీ రాయాలి. తేదీ మరిచిపోయినా, తప్పు రాసినా ఓటు పక్కన పడేస్తారు. దాని మీద రెండు పార్టీలూ కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయి.

"కవరు ఎప్పుడొచ్చిందో ఆఫీసు వాళ్ళకి తెలుసు. ముద్ర వేసుకుంటారు. మళ్ళీ మనం తేదీ రాయడం దేనికంట?" అన్నాడు లియో. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, కుర్చీ పక్కన చక్రాల సిలిండరు. ఊపిరితిత్తుల జబ్బు వచ్చి నాలుగేళ్ళు. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటాడు. ఆ సందులో ఎవరైనా నోరు తెరిస్తే మండిపడతాడు.

"రూలు కాబట్టి" అంది రెజీనా, సరిగ్గా ఆ సందులోనే.

"ముసలాళ్ళ ఓట్లు మింగడానికి మీవాళ్ళకి దొరికిన రూలు."

"మీవాళ్ళు కూడా చేతులెత్తి చేసిన చట్టమయ్యా అది. చదువుకో."

"నాకు చెప్తున్నావా చదువుకోమని? యూనియన్ కాగితాలన్నీ నీకు చదివి వినిపించిందెవరమ్మా?"

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. రెజీనా మొహం కందిపోయింది. "ఇవాళ తేదీ ఎంతో రాయలేనివాడు దేశానికి అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటాడా? మతి ఉన్నవాడు ఎవడైనా రాస్తాడు."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. లియో లేచి నిలబడ్డాడు. లేవడానికే చాలాసేపు పట్టింది, అప్పటికి నవ్వులు ఆగిపోయాయి.

"నా బోర్డులు పీకించింది కూడా నువ్వే."

"నేను పీకితే పట్టపగలు, నీ మొహం చూస్తూ పీకుతాను."

"నీ నోట్లోంచి వచ్చే ఒక్క ముక్క కూడా ఇకమీదట నమ్మను" అని సిలిండరు లాక్కుంటూ వెళ్ళిపోయాడు. మళ్ళీ హోటలుకు రాలేదు. నేను రెజీనాను ఒక్క మాట అనలేదు. కప్పులు తీసి బల్ల తుడిచాను. ఇద్దరూ గిరాకీలే కదా అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఎన్నికల రోజు సాయంత్రం ఆరున్నరకు రెజీనా వెనక గుమ్మంలోంచి వచ్చింది. కోటు గుండీలు కూడా పెట్టుకోలేదు. చేతిలో మడిచిన కాగితం. చెల్లకుండా పోయిన పోస్టల్ ఓట్ల జాబితా అది; ఎన్నికల ఆఫీసు వాళ్ళు పార్టీలకు ఇచ్చారు. అలా పోయినవాళ్ళు ఎనిమిదింటిలోగా పోలింగ్ బూత్‌కి వస్తే, అక్కడే తాత్కాలిక ఓటు అని ఒకటి వేయవచ్చు. మా వార్డులో పదకొండు పేర్లు.

"ఏడుగురు మావాళ్ళు. వాళ్ళ సంగతి పొద్దున్నే చూశాను. నలుగురు వాళ్ళవాళ్ళు. ముగ్గురికి ఫోను చేసి చెప్పాను. ఇద్దరొచ్చారు, ఒకావిడ బూతులు తిట్టింది. నాలుగోవాడు ఫోను ఎత్తట్లేదు. మూడింటికి ఇంటికెళ్ళాను. తెర పక్కకి తీసి, నన్ను చూసి మళ్ళీ వేసేశాడు."

ఎవరని అడగక్కర్లేకపోయింది. "వాళ్ళ పార్టీ వాళ్ళు చెప్పుకోరా?" అన్నాను.

"ఎవరున్నారు చెప్పడానికి? ఎండాకాలంలో వాళ్ళ ఇన్‌ఛార్జి క్లెమెంట్ చచ్చిపోయాక మన వార్డులో వాళ్ళ తరఫున దిక్కే లేదు."

నేను నిజం దాచను. అప్పుడు ఇలా అన్నాను: "మరి ఊరుకోరాదూ? నిన్నెవరడుగుతారు? మీకు ఒక ఓటు కలిసొస్తుంది."

రెజీనా నా వైపు చూసిన చూపుకు చేతిలోని పళ్ళెం కింద పెట్టేశాను. "ఆ ముసలాడు ఓడిపోవాలి. కానీ ఓటేసి ఓడిపోవాలి. కోటు వేసుకో. నీకైతే తలుపు తీస్తాడు."

తీశాడు. గొలుసు మాత్రం తీయలేదు. నా వెనక రెజీనాను చూడగానే తలుపు మూయబోతే ఆమె బూటు సందులో పెట్టింది.

"లియో, నీ ఓటు చెల్లలేదు. కవరు మీద తేదీ తప్పు. ఎనిమిదిలోగా బూత్‌కి రావాలి."

"నా ఓటు రెండు వారాల క్రితమే పోస్టులో వేశాను. ఇప్పుడొచ్చి మళ్ళీ వేస్తే రెండు ఓట్లు వేసినట్టు. జైల్లో పెట్టించడానికి వచ్చావా?"

"రెండోది కాదు. మొదటిది లెక్కలోకే రాలేదు. ఇదిగో జాబితా."

"మీ పార్టీ ఆఫీసులో ఎవడైనా అచ్చేసి ఇస్తాడు అలాంటివి. నిన్న ఒకడు ఫోను చేసి, ఇవాళ కాకపోతే రేపు బుధవారం కూడా ఓటేయొచ్చన్నాడు. అందుకే తీగ పీకేశాను."

ఎన్నికల ఆఫీసుకు నా ఫోన్లోంచి చేశాను. ఖాళీ లేదు. మళ్ళీ చేశాను. ఖాళీ లేదు. లియో గోడ గడియారం ఏడుంపావు చూపిస్తోంది.

"నువ్వు చెప్పు" అన్నాడు లియో నాతో. "ఈవిడ చెప్పేది నిజమేనా?"

"నేను నమ్ముతున్నాను" అన్నాను.

"నువ్వు అందర్నీ నమ్ముతావు. అందరూ నీ కాఫీ తాగాలిగా."

చెంప మీద కొట్టినట్టయింది. తప్పు మాటేమీ కాదు, అందుకే ఎక్కువ మండింది. ఇరవై రెండేళ్ళు ఎవరి పక్షమూ మాట్లాడకుండా బతికినదాన్ని, ఇవాళ మాట్లాడితే విలువేముంటుంది?

రెజీనా గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గగా నేను వినడం అదే మొదలు. "సరే. నన్ను నమ్మకు. ఆ కవరు మీద ఏం తేదీ రాశావు?"

"ఆ రోజు తేదీ. నాకేం మతి పోలేదు."

ఆమె జాబితాను తిరగేసి, తెల్లగా ఉన్న వైపు, పెన్నుతో సహా సందులోంచి లోపలికి చాచింది. "ఇక్కడ పేరు రాయి. సంతకం పెట్టు. పక్కన తేదీ వెయ్యి. సరిగ్గా రాస్తే నేను పోతాను, మళ్ళీ నీ గుమ్మం తొక్కను."

ఆమె పీడ వదిలించుకోవడానికే తీసుకున్నాడు. తలుపు పక్క బల్ల మీద ఆసుపత్రి కాగితాలు దొంతర్లుగా ఉన్నాయి. వాటి మీదే పెట్టి, గబగబా రాసి, సందులోంచి బయటికి తోశాడు. కాగితం నా చేతికి వచ్చింది. పేరు ఉంది. సంతకం ఉంది. పక్కన మూడు, తొమ్మిది, నలభై అయిదు.

మార్చి తొమ్మిది, పందొమ్మిది వందల నలభై అయిదు. అది లియో పుట్టిన తేదీ. నాలుగేళ్ళుగా ఆసుపత్రి వాళ్ళు ఏ కాగితం ఇచ్చినా పేరు, సంతకం, పుట్టిన తేదీ అడుగుతారు. నెలకు పది కాగితాలు. సంతకం అవగానే చెయ్యి దానంతటదే అటు వెళ్ళిపోయింది.

కాగితం అతనికి చూపించాను. చూశాడు. గొలుసు తీసి, తలుపు వదిలేసి, వెళ్ళి కుర్చీలో కూలబడ్డాడు. ఊపిరి చప్పుడు గది అంతా వినపడింది.

"సరేలే. పోయిందిగా. వెళ్ళండి" అన్నాడు.

"పోలేదు. ఇంకా అరగంట పైనే ఉంది. లే."

"నువ్వే అన్నావుగా, మతి ఉన్నవాడు ఎవడైనా రాస్తాడని. అక్కడికొచ్చి పదిమందిలో మళ్ళీ రాసి చూపించమంటావా? ఇరవై ఒకటో ఏట మొదలుపెట్టాను. ఒక్క ఎన్నిక తప్పలేదు. ఇంక చాలు."

రెజీనా అతని ముందు నేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళు కటకటమన్నాయి. "తప్పుగా అన్నాను లియో. నీ నోరు మూయించాలని అన్నాను. నలుగురూ నవ్వితే సంతోషపడ్డాను కూడా. సిగ్గుగా ఉంది నాకు." అంటూనే అతని బూట్ల లేసులు ముడివేయడం మొదలుపెట్టింది.

లియో కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

వీధిలోకి పద్దెనిమిది మెట్లు. మెట్టుకో ఊపిరి. సగం దిగాక సిలిండరు అయిపోవచ్చిందని తెలిసింది. నేను పైకి పరుగెత్తి ఇంకోటి తెచ్చాను. గొట్టం మారుస్తుంటే రెండుసార్లు జారింది. కారెక్కి బయల్దేరాం. రైలు గేటు పడి ఉంటుందేమోనని ముగ్గురమూ ఒకేసారి తలలు చాచి చూశాం. పడలేదు.

మా బూత్ అగ్నిమాపక దళం హాల్లో. చేరేసరికి ఎనిమిదికి ఇంకా తొమ్మిది నిమిషాలుంది. గుమ్మం బయట రెజీనా పార్టీ కుర్రనాయకుడు కరపత్రాలు పట్టుకుని ఉన్నాడు.

"రెజీనా, ఏం చేస్తున్నారు మీరు?"

"సిలిండరు మోస్తున్నాను. కనపడట్లేదా? తలుపు తెరువు."

అతను తెరిచాడు. మొహం మాత్రం మాడ్చుకున్నాడు. వచ్చే ఏడాది ఇన్‌ఛార్జి పని ఈమెకు ఉండదని నాకు అప్పుడే అర్థమైంది. ఆమెకూ అర్థమై ఉంటుంది.

లోపల పోలింగ్ అధికారి పుస్తకం చూసి, అవును, దుషాంకోగారి పోస్టల్ ఓటు రద్దయిందని చెప్పి బ్యాలెట్ ఇచ్చింది. లియో దాన్ని అట్ట చాటున నింపి, మడిచి, కవరులో పెట్టి అంటించాడు. అప్పుడామె కవరు మీద వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ సంతకం అండీ. ఇక్కడ తేదీ."

సంతకం పెట్టాడు. పెన్ను పక్క గడిలోకి జరిగి ఆగిపోయింది. హాల్లో ఉన్నవాళ్ళు చూస్తున్నారు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. గడియారం మీద ఇంకా మూడు నిమిషాలు.

"తేదీ నేను చెప్తానండీ" అంది అధికారి మెల్లగా, బల్ల మీదికి వంగి.

"నిన్నడగలేదమ్మా" అన్నాడు లియో. తల ఎత్తకుండానే, గొంతు పెంచి, అందరికీ వినపడేలా పిలిచాడు. "రెజీనా. ఇవాళ తేదీ ఎంత?"

రెజీనా ఉన్నచోటనే నిలబడి చెప్పింది. ముందు నెల, తర్వాత రోజు, తర్వాత సంవత్సరం. ఆమె ఒక్కో అంకె చెప్పేదాకా ఆగి, లియో ఒక్కో అంకె రాశాడు.